నీడ, అంబలి, తోడు: మన పెద్దలు ఎండాకాలం దాటిన చరిత్ర



ప్రతి ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో కొమురం భీంను తలుచుకుంటాం. 1940లో ఆయన అక్కడే అమరుడయ్యాడు. జల్, జంగల్, జమీన్ అన్న మాటలు మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ సంచికలో మేము ఆ మూడు మాటలను ఇంకో వైపు నుంచి చూస్తున్నాం. మన ఆదిలాబాద్ గోండు గూడేల్లో ముసలివాళ్లు ఎండాకాలాన్ని ఎట్లా దాటేవారు, ఆ దారి ఎక్కడ తెగింది, మళ్లీ ఎవరు కలపాలి అన్నదే మా విషయం.

ముందు అడవి సంగతి. ఇప్పపువ్వు రాత్రి పూట రాలుతుంది. అందుకే తెల్లవారక ముందే గంప పట్టుకొని పోయి, ఎండ ఎక్కే లోపు ఏరుకొని వచ్చేవారు. తునికాకు కోత కూడా పొద్దున్నే. మధ్యాహ్నం పని చేయడం మన వాళ్ల లెక్కలో లేదు. అది బద్ధకం కాదు, బతుకు తెలివి. ఇల్లు కూడా అడవి ఇచ్చిందే: వెదురు తడికెలు, వాటికి మట్టి, పేడ పూత, పైన గడ్డి, లేదంటే గూన పెంకు. ముంగిట ఆకుల పందిరి. ముసలివాళ్ల మంచం ఆ పందిరి కిందే ఉండేది.

తర్వాత భూమి. చేనులో జొన్న పండేది. గటక, అంబలి పొద్దుటి తిండి. పలుచని అంబలిలో ఉప్పు వేసి తాగితే నీళ్లు, ఉప్పు, తిండి మూడూ ఒకేసారి ఒంటికి పట్టేవి. ఇక నీరు. వాగు ఎండితే ఇసుకలో చెలిమె తవ్వేవారు. సొరకాయ బుర్రలో నింపిన నీళ్లు చల్లగా ఉండేవి. అవ్వ అడగక ముందే ఎవరో ఒకరు ఆ బుర్ర అందించేవారు.

ఇదంతా బంగారు కాలమని మేము చెప్పం. అప్పుడూ ఎండ దెబ్బకు ముసలివాళ్లు పోయారు. దవాఖాన లేదు, చావు లెక్క రాసేవాళ్లూ లేరు. నీళ్ల కోసం మన ఆడవాళ్లు పడ్డ కష్టం చిన్నది కాదు. కానీ ఒక్క మాట నిజం. ముసలివాళ్లు ఒంటరిగా ఉండేవారు కాదు.

ఆ దారి ఒక్క రోజులో తెగలేదు. నిజాం కాలం నుంచే రిజర్వు అడవి హద్దులు మన పొలాల దాకా వచ్చాయి. కర్ర, వెదురు, గడ్డి తెచ్చుకోవడం కష్టమైంది. మెల్లగా రేకుల కప్పులు వచ్చాయి. రేకు వానను బాగానే ఆపుతుంది, కానీ మధ్యాహ్నానికి కాలి, ఆ వేడినంతా కింద పడుకున్న మనిషి మీదికి దించుతుంది. జొన్న చేలు చాలా వరకు పత్తి చేలయ్యాయి. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక ఆకలి తగ్గింది, అది మేలే. దానితోపాటు పొద్దుటి అంబలి పోయి చాయ్ వచ్చింది. చదువులకు, కూలికి పిల్లలు ఊరు దాటారు. ఇంటి దగ్గర తాత, అవ్వ మిగిలారు.

ఇదే కాలంలో ఎండలూ ముదిరాయి. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. 2015లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి 1,500 మందికి పైగా పోయారు. మరుసటి ఏడాది, 2016లో, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వడగాలులపై మార్గదర్శకాలు ఇచ్చింది. మైదాన ప్రాంతాల్లో ఎండ 45 డిగ్రీలు చేరితే వాతావరణ శాఖ దాన్ని వడగాలిగానే లెక్కిస్తుంది. ఆ హెచ్చరిక మీ ఫోనుకు వస్తుంది. రేకుల కింద పడుకున్న అవ్వకు రాదు.

వయసు పెరిగితే దాహం తెలియదు, చెమట తక్కువ పడుతుంది. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లోని నీటిని బయటికి పంపుతాయి. వాటిని సొంతంగా ఆపొద్దు, ఎండాకాలం రాగానే డాక్టరును అడగండి. అవ్వ నీళ్లు అడగలేదంటే దాహం లేదని అర్థం కాదు. గంటకోసారి మీరే అందించండి. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకుంటే వడదెబ్బ తగలదని మన దగ్గర నమ్మకం. ఉల్లిగడ్డ ఉంచుకున్నా నష్టం లేదు, కానీ అది నీడకూ నీళ్లకూ బదులు కాదు.

రేకుల మీద గడ్డి గానీ కొమ్మలు గానీ పరచండి. నిప్పు, కరెంటు తీగలు తగలకుండా చూడండి. ముంగిట పందిరి మళ్లీ వేయండి. పింఛను, రేషన్ పనులకు పెద్దవాళ్లను పొద్దున్నే తీసుకుపోండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలిచి కలిపితే ఇంట్లోనే ఓఆర్ఎస్ తయారు. షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఎంత తాగించాలో ముందే అడిగి పెట్టుకోండి.

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి తికమకగా ఉంటే అది వడదెబ్బ. వెంటనే 108కు ఫోన్ చేయండి. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు చల్లుతూ విసరండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

గూడెంలో ఎన్ని ఇళ్లలో ముసలివాళ్లు ఒంటరిగా ఉన్నారో మీకు తెలుసు. ఒక్కో ఇల్లు ఒక్కొక్కరు పంచుకోండి. మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకేటప్పుడు ఒకసారి పోయి పలకరించండి. పట్నంలో ఉన్నవాళ్లు ఫోన్ చేసి, పక్కింటివాళ్లను పంపండి. మన పాటలు, దేవతల కథలు, వంశాల లెక్కలు ఇంకా వాళ్ల నోట్లోనే ఉన్నాయి. వాళ్లు ఈ ఎండాకాలం దాటితేనే అవి మీ దాకా వస్తాయి.

జల్, జంగల్, జమీన్ కోసం పోరాటం ఇంకా ఉంది. ఈలోగా బుర్ర అందించే చెయ్యి మాత్రం మీదే కావాలి.