పొలిమేర సుంకం: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

మూలం: పొలిమేరలో వేసిన సుంకం దారి లేనివాడి నెత్తిన దిగుతుంది.

ఇది ఏ పాత గ్రంథంలోదీ కాదు, ఈ వ్యాఖ్యానం కోసమే రాసుకున్నది. సుంకం పెంచాలనేవారు ‘భారం పరదేశీ వ్యాపారిది’ అంటారు. వద్దనేవారు ‘చివరికి కట్టేది కొనేవాడే’ అంటారు. రెండూ సగం మాటలే. యానాం చుట్టుపక్కల పెట్రోలు, వంటనూనె, రొయ్య ఏమవుతున్నాయో చూస్తే మిగతా సగం తెలుస్తుంది.

పొలిమేర: గౌతమి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల యానాం పుదుచ్చేరిలో భాగం. నది దాటినా, రోడ్డు పట్టినా వచ్చేది ఆంధ్రప్రదేశే. ఫ్రెంచివారి కాలంలో ఇది రెండు దొరతనాల మధ్య హద్దు. ఇక్కడి మంగళవారం సంతకు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి జనం విదేశీ సరుకు కోసం వచ్చేవారు. 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన పోయింది, పన్నుల హద్దు మాత్రం మిగిలింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక సబ్బుకీ, బల్బుకీ అటూ ఇటూ ఒకటే పన్ను. పెట్రోలు, డీజిలు, మద్యం జీఎస్టీలోకి రాలేదు. కాబట్టి ఇవాళ పొలిమేర ఎక్కడుందో చూడాలంటే పెట్రోలు బంకు దగ్గరకు వెళ్ళాలి. ఆంధ్రలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దానిపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. పుదుచ్చేరి పన్ను చాలా తక్కువ. లీటరుకు పది రూపాయలకు పైగా తేడా ఏళ్ళ తరబడి నడుస్తోంది.

వేసిన: ఎవరు వేశారు, ఎందుకు వేశారు అన్నది ఇక్కడి ప్రశ్న. వ్యాట్ వేసింది మనం ఓటేసిన ప్రభుత్వం, ఖజానా కోసం. రొయ్య మీద వేసింది మన ఓటుతో పనిలేని ప్రభుత్వం. 2025 ఏప్రిల్ 2న అమెరికా భారత్ సరుకుల మీద 26 శాతం అని ప్రకటించి, వాయిదా వేసి, ఆగస్టు 7 నుంచి 25 శాతం వసూలు మొదలుపెట్టింది. రష్యా చమురు కొంటున్నారంటూ ఆగస్టు 27 నుంచి మరో 25 కలిపి 50 చేసింది. బేరం బల్ల మీదున్నవి చమురు, పాడి, పంటల మార్కెట్లు. దెబ్బ తగిలింది అమెరికాకు రొయ్య పంపే గోదావరి జిల్లాల చెరువులకు. వాణిజ్య చర్చల తీరే అంత: ఒక సరుకు మీద పట్టుదలకు మరో సరుకు జరిమానా కడుతుంది.

సుంకం: ఎగుమతిదారు కట్టేది కాదు. సరుకు రేవులో దిగినప్పుడు దిగుమతిదారు తన ప్రభుత్వానికి కట్టేది. కట్టాక అతనికి మూడు మార్గాలు: అమ్మే ధర పెంచడం, కొనే ధర తగ్గించడం, లాభం వదులుకోవడం. మూడోది ఎవరూ ఇష్టపడి ఎంచుకోరు. మొదటిదో రెండోదో తేల్చేది వాక్యంలోని తర్వాతి మాట.

దారి లేనివాడు: వాక్యం బరువంతా ఈ మాట మీదే ఉంది. హద్దుకు ఆంధ్ర వైపున్న తాళ్ళరేవు మనిషికీ, ఎదుర్లంక మనిషికీ బండి తిప్పితే యానాం బంకు అందుతుంది. అతను ఆంధ్ర పన్ను తప్పించుకుంటాడు, హద్దుకు ఇవతలి బంకువాడు బేరం పోగొట్టుకుంటాడు. రాజమండ్రి మనిషి అంత దూరం వస్తే ఆదా చేసినదంతా ట్యాంకులోనే ఆవిరవుతుంది. పన్ను రేటు ఇద్దరికీ ఒకటే, భారం ఒకటి కాదు.

వంటనూనె దగ్గర ఈ వెసులుబాటు యానాం వారికీ లేదు. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పామాయిల్ ఓడలు దిగే కాకినాడ యానానికి దగ్గరే, కానీ కస్టమ్స్ సుంకానికి యానాం, కాకినాడ ఒకటే. 2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మొత్తం సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. ఒక నూనె పిరమైతే ఇల్లాలు ఇంకో నూనెకు మారుతుంది. అన్నిటికీ ఒక్కసారే పెంచితే ఎక్కడికి మారాలి?

రొయ్యకు వస్తే అమెరికా కొనుగోలుదారుకు దారి ఉంది: 2025 ఆగస్టులో మన రొయ్య మీద 50 శాతం పడినప్పుడు ఈక్వడార్ రొయ్య మీద సుంకం 15 శాతమే. అందుకే ఆ 50 శాతం మొత్తాన్ని అమెరికా వినియోగదారు మీద వేయడం కుదరని పని. మన ఎగుమతిదారు యూరప్ వైపో, చైనా వైపో చూడగలడు. 2025 జూలై 24న సంతకమైన బ్రిటన్ ఒప్పందం మీద ఆశ పెట్టుకోగలడు. రైతు? కౌంటుకు (పట్టే సైజుకు) వచ్చిన రొయ్య చెరువులో ఉంటే రోజూ మేత, ఏరేటర్లకు కరెంటు, వైరస్ భయం. ధర పడినా పట్టుబడి చెయ్యక తప్పదు. ఆ తర్వాత షెడ్డులో రొయ్య ఒలిచే ఆడవాళ్ళ పనిదినాలు తగ్గుతాయి.

దిగుతుంది: భారం ఎంత వేగంగా దిగుతుందో కూడా చూడాలి. సుంకం పెరిగిందని వార్త వచ్చిన మర్నాడే కొట్లో ధర మారుతుంది. 2025 మే చివర ముడి నూనెల సుంకం 16.5కు తగ్గించినప్పుడు ‘ఇది పాత సరుకండీ’ అనే జవాబు సిద్ధంగా ఉంది. రొయ్యల రైతుకు ఇంకా కష్టం. చర్చలు ఎన్ని నెలలైనా సాగుతాయి, పంట మాత్రం మూడు నాలుగు నెలల్లో ముగుస్తుంది. రేపు రేటు తగ్గినా నిన్నటి పట్టుబడి నష్టం తిరిగిరాదు.

తాత్పర్యం: అయితే సుంకమే వద్దందామా? ఏలూరు, పశ్చిమ గోదావరి ఆయిల్‌పామ్ రైతు ఒప్పుకోడు. విదేశీ నూనె చవకగా దిగితే గెలల ధర పడిపోతుంది, ఏళ్ళ తరబడి పెంచిన తోట నరికి మరో పంట వేయడం మాటలు కాదు. అతనూ దారి లేనివాడే. అతన్ని ఆదుకోవాలి, ఎలాగన్నదే చర్చ. 2021లో మొదలైన ఆయిల్‌పామ్ జాతీయ మిషన్‌లో ధర పడినప్పుడు తేడాను నేరుగా రైతుకు చెల్లించే ఏర్పాటుంది. ఆ ఖర్చు బడ్జెట్‌లో కనిపిస్తుంది, దాని మీద చట్టసభలో ప్రశ్న వేయవచ్చు. సుంకం ద్వారా ఆదుకుంటే ఖర్చు నూనె ప్యాకెట్‌లో కలిసిపోతుంది, కూలి ఇల్లూ కోటీశ్వరుడి ఇల్లూ లీటరుకు ఒకటే కడతాయి.

కాబట్టి రైతుకు నేరుగా చెల్లించే మొదటి పద్ధతిని బలపరచాలి, సుంకాన్ని ధరలు మరీ కూలినప్పుడు కొద్దికాలానికి వాడే పనిముట్టుగా ఉంచాలి. ఏ ప్రభుత్వం సుంకం మార్చినా రేటుతో పాటు దారి లేనివాడు ఎవరో, అతనికి ఏమిస్తున్నారో అదే ఉత్తర్వులో చెప్పమని అడగాలి.