పల్లెవంటయిల్లు – దాని పొగ

సికింద్రాబాదు వంటి నగరములలో నేడు కొందఱు గృహస్థులు తమ వంటయిండ్లను పల్లెటూరి కాపుటింటి తీరున మార్పించుకొనుచున్నారు. నేలకు తాండూరు బండలు పఱపించుట, గోడలలో గూండ్లు తీయించుట, ఒక మూల రోలును తిరగలిని నిలుపుట, మట్టిపాత్రలను వరుసగా పేర్చుట వారికి వేడుక. ఈ వేడుక నిందింపదగినది కాదు. కాని పాత వంటయింటిని మరల కట్టదలచినవారు దాని చరిత్రను గూడ నెఱుగవలయును.

తెలంగాణపు పల్లెలలో వంటయిల్లు వండుటకు మాత్రమే యుపయోగపడినది కాదు. విత్తనమునకై దాచిన మొక్కజొన్న కంకులను పొయ్యిపైని దూలములకు వ్రేలాడగట్టెడివారు. పొగ సోకిన గింజకు పురుగు త్వరగా పట్టదు. ఆ పొగయే యింటి వాసములను గూడ పురుగునుండి కాపాడెడిది. కావున పొగను ఇంట నిలువనిచ్చుట కేవలము మూఢత్వము కాదు. దానికొక ప్రయోజనము గలదు. అయితే ఆ ప్రయోజనమునకు మూల్యము చెల్లించినవి స్త్రీల కన్నులును ఊపిరితిత్తులును. పొగ యున్నచోట నిప్పుండుననుటకు అన్నంభట్టు తన తర్కసంగ్రహమున వంటయింటినే దృష్టాంతముగా చూపెను. చదువుకొనువారికి వేఱొక యుదాహరణ మక్కఱలేనంతగా వంటయిల్లు పొగకు నెలవై యుండెను.

సికింద్రాబాదు పుట్టుకతో మఱియొక తీరు వంటయిల్లు మన కంటబడెను. 1798 నాటి సంధి ననుసరించి నిజాము రాజ్యమున ఆంగ్లేయుల సైన్యము నిలిచెను. హుస్సేనుసాగరమున కుత్తరమున వెలసిన యా దండునకు 1806లో మూడవ నిజామగు సికందరుజా పేరు పెట్టిరి. దండు బంగళాలలో వంటయిల్లు ప్రధానగృహమునకు ఎడముగా, వేఱొక కట్టడముగా నుండెడిది. దొరసానికి పొగ తప్పెను; వంటవానికి తప్పలేదు. పొగ తగ్గలేదు; దానిని భరించువారు మాత్రమే మాఱిరి.

పొగనే తొలగించు యత్నము మన హైదరాబాదుననే జరిగినది. ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన ఎస్. పి. రాజుగారు పొగలేని పొయ్యి నొకదానిని రూపొందించి, సామాన్యజనుల వంటయిండ్లనుండి పొగను తొలగించు విధమును గూర్చి 1953లో ఆంగ్లమున నొక పుస్తకమును ప్రకటించిరి. ఆ పొయ్యి విలువగల యంత్రము కాదు, పల్లెమట్టితో కట్టదగినది. ఒకే మంట మట్టిలోని దారివెంట సాగి, ఒక కుండ తరువాత మఱియొక కుండను వేడిచేయును. పిమ్మట పొగ గొట్టముగుండ కప్పుమీదికి పోవును. పాత పద్ధతిని విడువకయే దాని దోషమును సవరించుట యనగా నిది.

కాని పొయ్యి కట్టినంతనే పని ముగియదు. 1983లో ఆరంభమై 2002లో ముగిసిన జాతీయప్రణాళిక క్రింద దేశమున మూడుకోట్లకు పైగా మెఱుగైన పొయ్యిలు కట్టబడెను. పలుచోట్ల గొట్టములు మసితో పూడెను, పొయ్యిలు బీటలు వాఱెను. ఇల్లాండ్రు పాతపొయ్యికే మఱలిరి. వండువారి నడుగక కట్టినది వారి దనిపించుకొనలేదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు దీపం పథకమును, 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకమును పేదయిండ్లకు గ్యాసును చేర్చినవి. అయినను, ఇండ్లలోని పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క.

కావున పల్లెతీరు వంటయిల్లు కోరువారు మొదట గాలి వచ్చు దారిని, పొగ పోవు దారిని చూచుకొని, పిదప బండలను గూండ్లను ఎన్నుకొనవలెను. తిన్నె యెంత యెత్తుండవలెనో దానియొద్ద నిలుచుండి వండువారినే యడుగవలెను. అతిథుల మెప్పుకొఱకు కట్టెలపొయ్యి వెలిగించి, దాని పొగను ఇల్లాలికో పనిమనిషికో విడిచిపెట్టినచో, బంగళాలో దొరలు చేసినదే మనమును చేసినవార మగుదుము.