రోగి ప్రక్కకు వచ్చిన గ్రంథపాలకుడు

గ్రంథపాలకుడు అనగానే మన కన్నుల ముందు నిలిచేది ఒక పాత చిత్రం. బల్ల వెనుక కూర్చున్న ఒక మనిషి, ఆయన వెనుక పుస్తకాల బీరువాలు, ఎదుట చీటీ పట్టుకొని నిలిచిన పాఠకుడు. పాఠకుడు అడుగుతాడు, గ్రంథపాలకుడు తెచ్చి ఇస్తాడు. మరి పాఠకుడు అడుగకపోతే? తనకు కావలసిన పుస్తకం ఒకటి ఉన్నదన్న సంగతే అతనికి తెలియకపోతే? అప్పుడు ఆ బీరువాలు ఎంత నిండుగా ఉన్నప్పటికీ ఉపయోగం లేదు.

ఈ చిత్రాన్ని మార్చవలెనని మన దేశంలో గట్టిగా చెప్పినవారు ఎస్. ఆర్. రంగనాథన్ గారు. ఆయన మొదట గణితశాస్త్ర అధ్యాపకులు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులుగా చేరినారు. చేరిన వారంలోపే ఆ ఒంటరితనం భరించలేక, తన పాఠాలకు తనను తిరిగి పంపవలసినదిగా అధికారులను కోరినారట. ముందు లండన్ వెళ్లి ఈ వృత్తి ఎట్టిదో చూచి రమ్మని వారు ఒప్పించినారు. లండన్‌లో ఆయన మనసు మారినది. (అప్పటికి ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టలేదు, 1926 వరకు ఆంధ్ర జిల్లాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం క్రిందనే ఉండేవి. కనుక ఆ గ్రంథాలయం కొంతకాలం మనది కూడా.) 1931లో ఆయన ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రాలలో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయడాన్ని గురించినది. చూడడానికి చిన్న మాట. కాని ఆ కాలం ఎవరిది, ఆ పాఠకుడు ఏ పనిలో ఉన్నాడు అని ఆలోచిస్తే దాని బరువు తెలుస్తుంది.

పుస్తకాన్ని మనిషి దగ్గరకు పంపడం మనకు క్రొత్త కాదు. కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయాన్ని నడిపిన పాతూరి నాగభూషణం గారిని మన పెద్దలు ఎరుగుదురు. అయితే పుస్తకం ప్రయాణించడం వేరు, గ్రంథపాలకుడే పనివారి బృందంలో ఒకడై వారితో పాటు తిరగడం వేరు. ఈ రెండవది మొదట స్పష్టమైన రూపం ధరించినది వైద్యశాలలో. అందుకు కారణం కూడా వైద్యశాస్త్రంలోనే ఉన్నది.

1860లో అమెరికాలోని ఒహాయో వైద్య కళాశాలలో జాన్ షా బిల్లింగ్స్ అనే విద్యార్థి మూర్ఛరోగానికి శస్త్రచికిత్సను గురించి ఒక వ్యాసం వ్రాయవలసి వచ్చినది. అంతకు ముందు ఎవరెవరు ఆ చికిత్స చేసినారు, ఎందరు బ్రతికినారు అన్న లెక్కలు అతనికి కావలెను. సిన్సినాటి, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ గ్రంథాలయాలలో నెలల తరబడి వెదకినాడు. కావలసినవన్నీ దొరకలేదు. ఈ విసుగు అతనిని జీవితాంతం వదలలేదు. తరువాత అతడు సైన్యంలో శస్త్రవైద్యుడై, సైనిక వైద్యాధికారి గ్రంథాలయ నిర్వహణ చేపట్టి, కొద్దివేల సంపుటాలున్న దానిని లక్షకు మించిన గ్రంథాలయంగా పెంచినాడు. 1879లో 'ఇండెక్స్ మెడికస్' అనే సూచికను ప్రారంభించినాడు. ప్రపంచంలోని వైద్యపత్రికలలో ఏ నెలలో ఏ వ్యాసం వచ్చినదో విషయాల వారీగా చెప్పే పట్టిక అది.

సూచిక వచ్చినది కాని దానిని చూచే తీరిక వైద్యునికి ఎక్కడిది? ఒక ప్రశ్నకు జవాబు కావలెనంటే సంవత్సరానికి ఒకటి చొప్పున లావుపాటి సంపుటాలను తీసి, తగిన శీర్షిక ఏదో ఊహించి, వ్యాసాల పేర్లు వ్రాసుకొని, ఆ పత్రికలను బీరువాలలో వెదకవలెను. ఆ పని ముగిసేలోగా రోగి ఇంటికైనా వెళ్లి ఉంటాడు, లోకమైనా విడిచి ఉంటాడు. 1964లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 'మెడ్‌లార్స్' అనే కంప్యూటరు పద్ధతిని ప్రవేశపెట్టినది. అయినప్పటికీ ప్రశ్నను తపాలులో పంపి, జవాబు కొరకు వారాల తరబడి వేచి ఉండవలసినదే. టెలిఫోన్ తీగల ద్వారా దూరం నుండి వెదకగలిగే 'మెడ్‌లైన్' 1971లో వచ్చినది.

యంత్రం కన్న ముందు మనుష్యులు ఒక ఉపాయం ఆలోచించినారు. వాషింగ్టన్ నగరంలోని ఒక పెద్ద వైద్యశాలలో 1967లో ఒక పద్ధతి మొదలైనది. వైద్యుడు కోరితే, రోగి వ్యాధికి సంబంధించిన కొన్ని ముఖ్య వ్యాసాలను ప్రతులు తీసి, రోగి చికిత్సాపత్రానికే జతచేసేవారు. జ్వరం పట్టిక, మందుల పట్టిక ఉన్నచోటనే శాస్త్రం కూడా ఉండేది. రోగిని చూడవచ్చిన ప్రతి వైద్యుడు, నర్సు దానిని చదువవచ్చును. మంచి ఆలోచనే. అయితే ఇందులో కూడా ఎవరో ఒకరు కోరవలెను.

గెర్ట్రూడ్ లాంబ్ అనే గ్రంథపాలకురాలు ఒక అడుగు ముందుకు వేసినది. మిస్సోరీ విశ్వవిద్యాలయం 1971లో కాన్సస్ సిటీలో ఒక క్రొత్త వైద్య కళాశాలను తెరచినది. ఉన్నత పాఠశాల ముగించిన విద్యార్థి ఆరు సంవత్సరాలలో వైద్యుడయ్యే ఏర్పాటు అది. విద్యార్థులను చిన్న చిన్న బృందాలుగా చేసి, ఒక్కొక్క బృందాన్ని అనుభవజ్ఞుడైన వైద్యునికి అప్పగించేవారు. ఆయనను 'డోసెంట్' అనేవారు. పాఠం ఎక్కువ భాగం రోగి పడక ప్రక్కనే జరిగేది. ఔషధ నిపుణుడు కూడా ఆ బృందంలో ఉండేవాడు. అట్లే గ్రంథపాలకుడు ఎందుకు ఉండరాదు అని లాంబ్ ప్రశ్నించినది. ఆమె పథకం ప్రకారం గ్రంథపాలకురాలు ఉదయం వైద్యులతో పాటు వార్డులలో తిరుగుతుంది. ఈ ఉద్యోగానికి 'క్లినికల్ మెడికల్ లైబ్రేరియన్' అని పేరు పెట్టినారు.

ఆమె చేసే పని ఏమిటి? వైద్యుడు రోగిని పరీక్షించి విద్యార్థులతో మాట్లాడుతూ ఉంటాడు. ఆ మాటలలో ప్రశ్నలు దొర్లుతూ ఉంటవి. ఫలానా మందు మూత్రపిండాలు చెడిన రోగికి ఎంత మోతాదులో ఇవ్వవచ్చును? ఈ దద్దురు ఆ మందు వలన వచ్చినదా, వ్యాధి వలన వచ్చినదా? సాధారణంగా ఇటువంటి ప్రశ్నలు గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోతవి. ఎవరో ఒకరు "చూడాలి" అంటారు, బృందం తరువాతి పడకకు కదులుతుంది. గ్రంథపాలకురాలు మాత్రం ఆ ప్రశ్నను వ్రాసుకొంటుంది. వార్డు తిరగడం ముగిసిన వెంటనే గ్రంథాలయానికి వెళ్లి వెదకి, దొరికిన వాటిలో పనికివచ్చే మూడు నాలుగు వ్యాసాలను ఏరి, కొద్ది గంటలలోనే తెచ్చి బృందం చేతిలో పెడుతుంది. మొత్తం రహస్యమంతా ఆ 'ఏరి' అనే మాటలో ఉన్నది. రోగి వయస్సు, అతని ఇతర వ్యాధులు, వైద్యుని సందేహం నిజంగా ఎక్కడ ఉన్నదో చెవులారా విన్నది కాబట్టి ఆమె ఏరగలిగినది. బల్ల వెనుక కూర్చుండి ఒక చీటీ మీద "మూత్రపిండ వ్యాధులు" అన్న రెండు మాటలు చదివినవారికి అది సాధ్యం కాదు.

ఆటంకాలు లేకపోలేదు. తన అజ్ఞానాన్ని విద్యార్థుల ఎదుట ఒక గ్రంథపాలకురాలు వ్రాసుకొనడం ఏ వైద్యునికి నచ్చుతుంది? రోగి రహస్యాలు వినే హక్కు ఆమెకు ఉన్నదా అన్న ప్రశ్న మరొకటి. అన్నిటికన్న పెద్దది డబ్బు. ఒక వ్యక్తి ఒకటి రెండు బృందాలతో మాత్రమే తిరుగగలదు. ఇతర వైద్యశాలలలో పుట్టిన ఇటువంటి పథకాలు కొన్ని గ్రాంటులు ముగియగానే ఆగిపోయినవి. వైద్యులే కంప్యూటరు ముందు కూర్చుండి వెదుకుకొనగలరు గదా, మధ్యవర్తి ఎందుకు అన్న వాదం కూడా బలపడినది. ఈ వాదంలో కొంత నిజం ఉన్నది. ఎంత నిజమో తరువాత తేలినది.

1992లో అమెరికాలోని రోచెస్టర్ నగర ప్రాంతపు వైద్యశాలలలో జరిగిన ఒక పరిశీలన ఫలితాలు వెలువడినవి. వైద్యులు తమ రోగికి సంబంధించిన ఒక ప్రశ్నను గ్రంథాలయానికి పంపి, వచ్చిన సమాచారం వలన ఏమి మారినదో చెప్పవలెను. జవాబిచ్చిన 208 మంది వైద్యులలో సుమారు 80 శాతం మంది తాము చేయబోయిన దానిలో ఏదో ఒకటి మార్చుకొన్నామన్నారు. కొందరు పరీక్షలను మార్చుకొన్నారు, కొందరు మందులను, కొందరు రోగ నిర్ణయాన్నే మార్చుకొన్నారు. ఇది వైద్యులు తమకు తాము చెప్పుకొన్న లెక్క. అయినప్పటికీ తమ మొదటి నిర్ణయం మారినదని ఒప్పుకొనడానికి మనుష్యులు సామాన్యంగా తొందరపడరు. 2000 సంవత్సరంలో డేవిడాఫ్, ఫ్లోరెన్స్ అనే ఇద్దరు ఒక ప్రముఖ వైద్యపత్రికలో వ్రాస్తూ, వైద్యమూ సమాచార శాస్త్రమూ రెండూ తెలిసిన 'ఇన్‌ఫర్మేషనిస్టు' అనే క్రొత్త వృత్తి అవసరమని ప్రతిపాదించినారు.

ఆ మరుసటి సంవత్సరమే ఒక విషాదం జరిగినది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసాన్ని గురించి ఒక పరిశోధన సాగుతున్నది. ఆరోగ్యవంతుల శ్వాసనాళాలు ముడుచుకొనిపోకుండా ఏది కాపాడుతున్నదో తెలుసుకొనడం దాని ఉద్దేశం. అందుకై ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకులచేత హెక్సామెథోనియం అనే పదార్థాన్ని పీల్పించినారు. నాడుల నుండి వచ్చే సంకేతాలను అది అడ్డుకుంటుంది. 1950 ప్రాంతాలలో రక్తపుపోటుకు దానిని మందుగా వాడేవారు. తరువాత వాడుక నుండి తొలగిపోయినది. దానిని పీల్చిన 24 సంవత్సరాల యువతి ఒకరికి ఊపిరితిత్తులు చెడి, సుమారు ఒక నెల తరువాత 2001 జూన్ 2న మరణించినది.

ఆ మందు వాడిన రోగులలో కొందరికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవని 1950 దశకపు వైద్యపత్రికలలోనే వ్యాసాలున్నవి. పరిశోధకుడు వెదకకపోలేదు. 'పబ్‌మెడ్' అనే కంప్యూటరు సూచికలో వెదకినాడు, ప్రామాణిక గ్రంథాన్ని చూచినాడు. కాని ఆనాటి పబ్‌మెడ్ 1966 నుండి మాత్రమే ప్రారంభమయ్యేది. అంతకు ముందరి వ్యాసాలు బీరువాలలో, ఇండెక్స్ మెడికస్ పాత సంపుటాల వెనుక ఉన్నవి. తెర మీద ఏమీ కనిపించకపోతే లోకంలోనే ఏమీ లేదని భ్రమించడం సులభం. ఆ తెర ఎక్కడ మొదలవుతుందో తెలిసిన మనిషి ఎవరు? అది గ్రంథపాలకుల నిత్యవిద్య. ఆ జూలైలో ప్రభుత్వం, తన నిధులతో అక్కడ మనుష్యుల మీద జరుగుతున్న పరిశోధనలను దాదాపు అన్నింటిని కొద్ది దినాలు నిలిపివేసినది. గ్రంథపాలకులు ఆ బృందంలో ఉండి ఉంటే ఆ ప్రాణం దక్కేదా అని వృత్తి పత్రికలలో చర్చ సాగినది. దక్కేదని నిశ్చయంగా ఎవరూ చెప్పలేరు. సూచనలు చూచికూడా ప్రయోగం సాగించినవారు చరిత్రలో ఉన్నారు. కాని ఆ పాత వ్యాసాలు ప్రయోగానికి ముందే బల్ల మీదకు వచ్చి ఉండేవి.

2003లో ఇరాక్ యుద్ధకాలంలో సైనిక దళాలతోనే ఉండి వార్తలు వ్రాసిన విలేఖరులను 'ఎంబెడెడ్' అన్నారు, అనగా దళంలో పొదిగినవారు. ఆ మాటను గ్రంథాలయ లోకం తనకు తీసుకొన్నది. 2004లో బార్బరా డ్యూయీ విశ్వవిద్యాలయ గ్రంథపాలకులను గురించి ఈ పేరుతో వ్యాసం వ్రాసినది. డేవిడ్ షూమేకర్ 2012లో ఒక గ్రంథమే ప్రకటించినాడు. ఇప్పుడు ఈ పద్ధతి వైద్యశాలలను దాటినది. ఇంజనీరింగ్ ప్రాజెక్టులలో, న్యాయవాద సంస్థలలో, కళాశాల తరగతులలో కూడా ఇట్టి గ్రంథపాలకులు కనిపిస్తున్నారు. ఒక చికిత్సను గురించి ప్రపంచమంతటా వచ్చిన వ్యాసాలను కూడగట్టి తీర్పు చెప్పే సమీక్షలలో, వెదకులాట బాధ్యత వహించిన గ్రంథపాలకుని పేరు ఇప్పుడు తరచు రచయితల సరసన అచ్చవుతున్నది.

ఆ ప్రాణం పోయిన తరువాత పాత సూచికలను కంప్యూటరులోనికి ఎక్కించే పని ముందుకు సాగినది. నేడు మెడ్‌లైన్‌లో 1946 నుండి వచ్చిన వ్యాసాల పేర్లున్నవి. అంతకు ముందటివి కావలెనంటే వేరే సూచికలను వెదకవలెను. వాటిలో నేటి శీర్షికలు ఉండవు. ఈనాడు ట్యుబర్‌క్యులోసిస్ అని వ్రాసే క్షయవ్యాధిని ఆనాటి వైద్యులు థైసిస్ అని వ్రాసేవారు. ఈ సంగతి తెలియనివాడు ఆ పుటలు ఎన్ని తిరగవేసినప్పటికీ తనకు కావలసిన వ్యాసం ప్రక్కనుండే వెళ్లిపోతాడు.