నైరోబీ నగరము – రాతిసింహముల గ్రంథాలయము

వన్యమృగములను చూడ కెన్యా దేశమునకు పోవు యాత్రికులు నైరోబీలో దిగి, ఒక రాత్రి విశ్రమించి, తెల్లవారగనే మాసై మారా మైదానములకు తరలిపోవుదురు. రాజధానిని చూచువారు తక్కువ. మనము మాత్రము దానిని ఉపేక్షింపరాదు. ఆ నగరపు పునాదులలో మనదేశపు కూలీల చెమట గలదు.

మాసై భాషలో చల్లని నీరు గల చోటని ఆ పేరునకు అర్థము. 1896లో ఆంగ్లేయులు మొంబాసా రేవునుండి లోనాటికి రైలుమార్గము వేయ నారంభించిరి. అందులకై మనదేశమునుండి, ముఖ్యముగా పంజాబునుండి, సుమారు 32,000 మందిని ఓడలపై కొనిపోయిరి. వారిలో దాదాపు 2,500 మంది అచ్చటనే అసువులు బాసిరి. సావో నదికడ సింహముల వాతబడినవారి కథను లోకమంతయు చెప్పుకొనును. జ్వరములకు బలియైనవారిని తలచువారు లేరు. 1899లో పట్టాలు ఒక చిత్తడినేలను చేరెను. అచ్చట వెలసిన రైల్వే మకామే నేటి నైరోబీ.

ఆ నగరమధ్యమున రెండు రాతిసింహములు కాపున్న కట్టడమొకటి గలదు. అది 1931లో తెరచిన మెక్‌మిలన్ స్మారక గ్రంథాలయము. అందు తెల్లవారికి తప్ప అన్యులకు ప్రవేశము లేకుండెను. రైలుమార్గము వేసిన కూలీ కుమారుడును, ఆ నేలపై పుట్టిన ఆఫ్రికా బాలుడును ఆ మెట్లను వీధినుండి చూచి పోవలసినదే. మన యూళ్లలోను బావులకడ, గుళ్లకడ ఇట్టి కట్టడులుండినవి గనుక, ఆ బాధ యెట్టిదో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆఫ్రికనుల నివాసమునకై కట్టిన కలోలేని అను పేటలో ఒక సభామందిరముండెను. పంజాబున పుట్టి, బాల్యముననే నైరోబీ చేరిన కార్మికనాయకుడు మఖన్ సింగు 1950 ఏప్రిల్ 23న అచ్చట నిలిచి, తూర్పు ఆఫ్రికాకు సంపూర్ణ స్వాతంత్ర్యము కావలెనని తీర్మానము ప్రతిపాదించెను. మరుసటి నెలలోనే ఆయనను పట్టుకొని, 1961 వరకు నిర్బంధములో నుంచిరి.

1963 డిసెంబరు 12న కెన్యా స్వతంత్రమయ్యెను. దానికి కొలది కాలము ముందుగనే రాతిసింహముల నడుమనున్న తలుపులు అందరికిని తెరువబడెను. నేడు కలోలేనిలో ఆ గ్రంథాలయపు శాఖ గలదు. ఆ పేట పిల్లలు అందు కూర్చుండి చదువుకొనుచున్నారు.