ఇరవై ఏడు సెంట్లు, ఎనిమిది డాలర్లు

మా పెదనాన్న 1971లో అమెరికా వెళ్ళాడు. జేబులో ఎనిమిది డాలర్లు. ఇంట్లో పెళ్ళయినా, తద్దినమైనా, భోజనాలయ్యాక ఆ ఎనిమిది డాలర్లు బయటికి రావాల్సిందే. చిన్నప్పుడు అది పేదరికం కథ అనుకునేదాన్ని. కాదట. తాతయ్య పొలం అమ్మయినా ఇంకొంత ఇచ్చేవాడే, తీసుకెళ్ళనిచ్చేవాళ్ళే లేరు. విదేశీ మారకానికి దేశమంతా కరువుగా ఉన్న రోజులు. రిజర్వు బ్యాంకు వారి 'పి ఫారం' చేతికి రానిదే విమానం టికెట్టు కూడా కొనుక్కోలేని కాలం.

సరిగ్గా ఆ మరుసటి ఏడాది, 1972 వేసవిలో, లండన్ నుంచి ఓ జంట బయల్దేరింది. టోనీ వీలర్, మౌరీన్ వీలర్. పెళ్ళయి ఇంకా ఏడాది నిండలేదు. 65 పౌండ్లు పెట్టి ఓ పాత ఆస్టిన్ మినీవ్యాన్ కొన్నారు. యూరప్ దాటి, టర్కీ, ఇరాన్ మీదుగా కాబూల్ దాకా అందులోనే వెళ్ళి, అక్కడ దాన్ని అమ్మేశారు. ఆ తర్వాత బస్సులు, రైళ్ళు, దారిన పోయే బళ్ళు. పాకిస్తాన్, ఇండియా, నేపాల్, ఇంకా తూర్పుకి. చివర బాలీ నుంచి తెరచాప పడవలో ఆస్ట్రేలియా. డిసెంబరు 26న సిడ్నీలో దిగేసరికి ఇద్దరి దగ్గరా కలిపి మిగిలింది 27 సెంట్లు. ఎలా వెళ్ళారు, ఎంతయింది అని అడిగినవాళ్ళందరికీ చెప్పలేక మరుసటి ఏడాది ఓ చిన్న పుస్తకం అచ్చేసుకున్నారు. లోన్లీ ప్లానెట్ అలా పుట్టింది.

ఆ 27 సెంట్ల కథ ప్రపంచమంతా తిరిగింది. మా ఎనిమిది డాలర్ల కథ వంటింటి గడప దాటలేదు.

ఇదంతా నాకు ఎందుకు పట్టిందంటే, రెండేళ్ళ క్రితం మేమిద్దరం కూడా ఓ పాత ఈకో వ్యాను కొన్నాం. వెనక సీట్లు పీకించాం. మూసాపేటలో ఓ వడ్రంగి ప్లైవుడ్‌తో పెట్టెలాంటి మంచం చేసిచ్చాడు, దాని కింద గ్యాసు పొయ్యి, బియ్యం డబ్బా, పచ్చళ్ళు. ఉద్యోగాలకి సెలవు పెట్టి ఆర్నెల్లు పక్క దేశాలన్నీ చుట్టొద్దామని మా ఆలోచన. నేల మీద మ్యాపు పరుచుకుని కూర్చున్న రాత్రి నాకింకా గుర్తుంది. పడమటి వైపు అటారీ దగ్గరే ఆగిపోయాం. ఉత్తరాన చైనాలోకి మన బండి తీసుకెళ్ళాలంటే అనుమతులు, వెంట వాళ్ళ గైడు, ఖర్చు మా వల్ల అయ్యేది కాదు. శ్రీలంకకి రోడ్డు లేదు. బంగ్లాదేశ్‌కి కార్నే కావాలి. కార్నే అంటే బండికి పాస్‌పోర్టు లాంటిది. ఫలానా దేశంలోకి వెళ్ళిన బండి మళ్ళీ బయటికొచ్చిందని ముద్ర పడాలి, పడకపోతే ఆ బండి మీద సుంకం కట్టాలి. దానికోసం ముందే ఇక్కడ బండి విలువను బట్టి హామీ పెట్టాలి. తను కాగితం మీద లెక్కలేసి, పెన్ను పక్కన పడేశాడు.

తూర్పున మయన్మార్ ఉంది కదా అంటారు. ఉండేది. 2018 ఆగస్టులో మణిపుర్‌లోని మోరే దగ్గర సరిహద్దు వీసా ఉన్న ప్రయాణికులకి తెరిచారు. అటునుంచి థాయిలాండ్ దాకా రోడ్డు. 2020 మార్చిలో కోవిడ్‌తో మూసేశారు, మరుసటి ఏడాది అక్కడ సైన్యం అధికారం లాక్కుంది. గట్టిగా లెక్కేస్తే తలుపు తెరిచి ఉన్నది ఏడాదిన్నర.

వీలర్ల తలుపు కూడా కొన్నాళ్ళ ముచ్చటే, కాకపోతే కొంచెం పెద్దది. 1950ల చివర్లో మొదలై 1979తో సరి. ఇస్తాంబుల్‌లో పుడ్డింగ్ షాపు, కాబూల్‌లో చికెన్ స్ట్రీట్, కాఠ్‌మాండూలో ఫ్రీక్ స్ట్రీట్. హిప్పీలు, గంజాయి, గిటార్లు అని మన సినిమాలు నేర్పిన బొమ్మే నాకూ ఉండేది. చదివేకొద్దీ నన్ను ఆపింది మనుషులు కాదు, రోడ్డు. హెరాత్ నుంచి కాందహార్ దాకా కాంక్రీటు రోడ్డు వేసింది సోవియట్ వాళ్ళు. కాందహార్ నుంచి కాబూల్ దాకా తారు రోడ్డు వేసింది అమెరికా వాళ్ళు. పేదదేశం మీద ఇద్దరికీ అంత ప్రేమ! పోటీపడి వేసిన ఆ రోడ్ల మీద ఒక 65 పౌండ్ల వ్యాను కుదుపుల్లేకుండా వెళ్ళిపోయింది. 1979 మొదట్లో ఇరాన్‌లో విప్లవం. అదే ఏడాది డిసెంబరులో సోవియట్ సైన్యం అఫ్ఘానిస్తాన్‌లోకి దిగింది. హెరాత్ మీదుగా కాందహార్ వైపు ట్యాంకులు వెళ్ళింది తాము వేసిన ఆ కాంక్రీటు మీదనే. ట్యాంకుల కోసమే వేశారని నేననను. కానీ టోనీ, మౌరీన్ల స్వేచ్ఛని తలుచుకున్నప్పుడల్లా ఆ కాంక్రీటు గుర్తొస్తుంది.

రెండోది పాస్‌పోర్టు. 1984 దాకా బ్రిటిష్ వాళ్ళకి ఇండియా రావడానికి వీసాయే అక్కర్లేదు. మనవైపు చూస్తే, పాస్‌పోర్టు ఇవ్వడం, మానడం అధికారుల ఇష్టంగా ఉండేది. 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు, విదేశాలకి వెళ్ళడం కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని తీర్పిచ్చాకే పాస్‌పోర్టుకి ఒక చట్టం వచ్చింది. అంటే మా పెదనాన్న విమానమెక్కేసరికి ఆ హక్కుకి నాలుగేళ్ళు.

వీలర్ల మీద నాకేం కోపం లేదు. ఊరికే కలిసొచ్చిందని కొట్టిపారేయడానికీ మనసొప్పదు. చేతిలో డబ్బు అయిపోతున్నా ముందుకే వెళ్ళడానికి గుండె కావాలి. మనవాళ్ళెవరూ కదల్లేదనీ కాదు. 1962లో సతీశ్ కుమార్, ఇ.పి. మీనన్ అని ఇద్దరు కుర్రాళ్ళు అణ్వాయుధాలు వద్దంటూ ఢిల్లీ నుంచి కాలినడకన బయల్దేరి, పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, ఇరాన్ మీదుగా మాస్కో, పారిస్ దాకా వెళ్ళారు. వ్యానూ లేదు, జేబులో పైసా లేదు. అదే దారి, ఎదురు దిక్కులో. ఇంత పెద్ద నడక నాకు ముప్ఫై ఏళ్ళొచ్చాక గానీ తెలియలేదు. లోన్లీ ప్లానెట్ పేరు మాత్రం పదో తరగతిలోనే తెలుసు.

చివరికి మాకు మిగిలింది నేపాల్. 1950 ఒప్పందం పుణ్యమా అని వీసా లేదు, కార్నే లేదు. సరిహద్దు దగ్గర 'భన్సార్' అనే సుంకం కాగితం ఒకటి రాయించుకుని రోజుకింత కడితే బండిని రానిస్తారు. బయల్దేరేముందు పెదనాన్నకి ఫోన్ చేశాం. డబ్బెంత తీసుకెళ్తున్నారన్నదే ఆయన మొదటి ప్రశ్న. మేం వెళ్ళినప్పటికి మన వంద నోటు కంటే పెద్దది నేపాల్లో చెల్లదు. అన్నీ వందల కట్టలే, పరుపు కింద పేర్చాం అని చెప్పాను. "ఇంకా లెక్కపెడుతున్నారన్నమాట" అన్నాడు. నవ్వాడో లేదో ఫోన్లో తెలియలేదు.

సునౌలీ దగ్గర లారీల వెనక రెండు గంటలు నిలబడ్డాం. కిటికీ అవతల గుమాస్తా బండి నంబరు రాసుకుని, ఎన్నాళ్ళు అని అడిగాడు. కాబూల్లో లాగా అమ్మేసి పోయే వీల్లేదు, రాసిన తేదీలోపు బండి మాతోపాటే వెనక్కి రావాలి. తను పది అన్నాడు. నేను పదిహేను అన్నాను. గుమాస్తా ఇద్దరి మొహాలూ చూసి, నా అంకే వేసుకున్నాడు.