కారణం తేలకముందే వచ్చిన నీళ్లు

నిమ్మాడ, టెక్కలి చుట్టుపక్కల పొలాలు వంశధార ఎడమ కాలువ ఆయకట్టు. 1970ల నాటి గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే ఆ నీటి మీదే అక్కడి వరి. అక్కడి నుంచి పలాస దాటి వజ్రపుకొత్తూరు, సోంపేట, కంచిలి, కవిటి వైపు ఇసుక నేలల్లోకి పోతే కాలువ మాట తగ్గి నూతి మాట పెరుగుతుంది. కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలతో ఉద్యానవనంలా ఉండబట్టే ఆ నేలకు ఉద్దానం అన్న పేరు వచ్చిందంటారు. తాగినా, తోట తడిపినా, పశువులకు పెట్టినా అక్కడ తరతరాలుగా ఆధారం నేల అడుగు నీళ్లే. ఈ నీళ్ల చరిత్రలోకి గత మూడు దశాబ్దాల్లో, అక్కడి కిడ్నీ జబ్బు గురించి ‘కారణం తెలియదు’ అనే మాట ఒకటి వచ్చి కూర్చుంది. వైద్యశాస్త్రం నిజాయితీగా ఒప్పుకున్న ఆ మాట పాలనలో ఆలస్యానికి సాకుగా మారింది. రోగకారణం తేల్చడం ఒక పని, మంచినీళ్లు ఇవ్వడం మరో పని. మొదటిది పూర్తయితేనే రెండోది మొదలుపెట్టాలన్న నియమం ఎక్కడా లేదని మన తెలుగు నేల చరిత్రే చెబుతోంది.

కిడ్నీ చెడితే వైద్యులు మొదట అనుమానించేది షుగర్‌ని, బీపీని. 1990ల నుంచి ఉద్దానంలో బయటపడుతూ వచ్చిన రోగుల్లో చాలామందికి ఆ చరిత్ర లేదు. తోటల్లో ఒళ్లు వంచి పనిచేసే మనుషులు వాళ్లు. నొప్పి, వాపు వంటి హెచ్చరికలేవీ లేకుండా ఏళ్లపాటు లోలోపలే సాగిన జబ్బు, చివరికి రక్తపరీక్ష కాగితం మీద క్రియాటినిన్ అంకెగా కనిపించేది. విశాఖ నెఫ్రాలజిస్టు డాక్టర్ టి. రవిరాజు బృందం 2,210 మందిని పరీక్షిస్తే 18 శాతానికి పైగా దీర్ఘకాల కిడ్నీ వ్యాధి కనిపించింది. వాళ్లలో సుమారు నాలుగింట మూడొంతుల మందికి తెలిసిన కారణమేదీ దొరకలేదు. 67 గ్రామాల్లో 2,402 మందిని చూసిన మరో అధ్యయనం 21 శాతం మందిలో కిడ్నీ దెబ్బతిన్న లక్షణాలున్నాయని 2020లో ప్రకటించింది. విడివిడిగా జరిగిన రెండు లెక్కలూ దాదాపు ఒకేచోటికి చేరాయంటే, కారణం తెలియకపోయినా రోగం మాత్రం భ్రమ కాదు.

మరి దోషి నీళ్లేనా? జనం అనుమానం మొదటినుంచీ నూతి మీదే. భూగర్భజలంలో సిలికా, సీసం, పురుగుమందుల అవశేషాలు అంటూ ఒక్కో పరిశీలన ఒక్కో అనుమానితుణ్ణి ముందుకు తెచ్చింది గాని, నేరం దేనిమీదా నిలవలేదు. ఎర్రటి ఎండలో చెమటోడ్చి, చాలినన్ని నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోవడం, పైగా నొప్పి బిళ్లలు మింగడం కారణమన్న వాదమూ ఉంది. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బుకే ఎండను బలంగా అనుమానించారు. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతుల్లో కఠినజలం, గ్లైఫోసేట్ కలుపుమందు కలిసి ముప్పు తెచ్చాయన్న ప్రతిపాదన 2014లో వచ్చింది. మరుసటి ఏడాదే ఆ దేశం ఆ మందును నిషేధించింది. తేయాకు, రబ్బరు తోటలు ఇబ్బంది పడటంతో 2018లో వాటికి సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. ‘చూశారా, రుజువు లేకుండా తొందరపడితే ఇంతే’ అనేవారికి ఇది మంచి ఉదాహరణే. అయితే నిషేధం వేరు, నీళ్లివ్వడం వేరు. తప్పుడు నిషేధం ఒకరి పంటకు నష్టం. కిడ్నీకి మేలు చేసినా చేయకపోయినా శుభ్రమైన నీటి వల్ల నష్టపోయే మనిషి ఎవరూ ఉండరు.

‘ముందు కారణం తేలనివ్వండి’ అనేవారు పొదిలి, దర్శి వైపు చూడాలి. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న ఆ ప్రాంతాల్లో మనుషుల ఎముకలు బిగుసుకుపోయి నడుములు వంగిపోవడానికి నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937 నాటికే వైద్యులు రాశారు. మన దేశంలో ఆ దోషిని పట్టుకున్నది మన తెలుగు పల్లెల్లోనే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి 1970లలో, అదే ఫ్లోరైడ్ పీడించిన నల్లగొండ పేరే పెట్టారు. అంటే కారణమూ తెలుసు, విరుగుడూ తెలుసు. అయినా నల్లగొండలో ఇంటి కుళాయికి నదినీటి కోసం 2016లో మిషన్ భగీరథ మొదలయ్యేదాకా ఎదురుచూసిన ఊళ్లు ఎన్నో. కారణం తెలియడమే నీళ్లు తెచ్చేదైతే ఆ పల్లెలకు దాదాపు ఎనభై ఏళ్లు పట్టేది కాదు.

ఉద్దానంలో కథ తిరగబడింది. కారణం తేలనేలేదు, నీళ్లే ముందు వచ్చాయి. బాధితుల గోడు రాష్ట్ర రాజకీయాల్లో పెద్ద చర్చ అయ్యాక, 2019 సెప్టెంబరులో నీటి పథకానికి, ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పైపుల్లో తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. నిమ్మాడ వైపు పొలాలను తడిపిన నదే చివరికి నూతుల సీమ ముంగిట్లోకి వచ్చింది. రేపు దోషి ఎండే అని తేలితే ఇంత ఖర్చూ వృథా కాదా? కాదు. ఒంట్లో నీరు ఆవిరయ్యే మనిషికి కావలసిందీ నమ్మి కడుపునిండా తాగగల నీళ్లే. నూతి నీటిని చూసి భయపడి గుక్క తగ్గించుకునేవాడికి ఎండ మరింత ప్రమాదం.

అయితే పైపు ఇంటి దగ్గరే ఆగిపోతుంది. జీడిపిక్కలు రాలేది మార్చి నుంచి మే దాకా, సరిగ్గా ఎండలు మండే రోజుల్లో. పొద్దుటినుంచి చెట్ల కింద వంగి పిక్కలేరే కూలికి దాహమేస్తే దగ్గరలో ఉండేది తోట నుయ్యి, లేదా కొబ్బరి పాదులకు నీళ్లు పెట్టే బోరు. సాగునీరు, తాగునీరు అని మనం కాగితం మీద గీసే గీత ఆ మిట్టమధ్యాహ్నం చెరిగిపోతుంది. కాబట్టి పథకం వచ్చిందని పరిశోధన ఆపకూడదు, పరిశోధన పేరుతో తోటలోని మనిషికి నీళ్లు ఆపకూడదు. ఉద్దానంలో ఈ సమస్య తీరిందో లేదో కుళాయిలను బట్టి కాదు, ఆ కూలి మధ్యాహ్నం ఏ నీళ్లు తాగుతున్నాడన్నదాన్ని బట్టి చెప్పాలి.