డబ్బాలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ

వసంత్ కుంజ్‌లో మా ఇంటికి నాలుగడుగుల దూరంలో నా పాత సహోద్యోగి ఒకాయన వుంటారు. ఇద్దరం డిఫెన్స్ ఎకౌంట్స్‌లో ముప్పయ్యేళ్ళకు పైగా బిల్లులు చూసి రిటైరయ్యాం. ఆయనకు ఊపిరితిత్తుల కేన్సర్, మూడో దశ. రేడియేషన్ నడుస్తున్నది. మొన్న పలకరించడానికి వెళితే వాళ్ళ ఫ్రిజ్ మీద ఒక డబ్బా కనిపించింది. బియ్యం నుంచీ మూలికల నుంచీ తీసిన పొడి అట. అందులో 'మైక్రో ఆర్‌ఎన్‌ఏ' వుందనీ, దానివల్ల రేడియేషన్ రెట్టింపు పనిచేస్తుందనీ కాగితం మీద అచ్చు వేశారు. బంధువులెవరో ఆరు వేలు పోసి తెచ్చారు.

"వాడితే పోయేదేముంది అన్నయ్యగారూ?" అని ఆయన భార్య అడిగారు.

నేను బి.కాం. వాణ్ణి. జీవశాస్త్రం నా సబ్జెక్టు కాదు. కానీ బిల్లు వస్తే వోచరు అడగటం అలవాటు. ఇంటికొచ్చి వెదికాను. తమాషా ఏమంటే మైక్రో ఆర్‌ఎన్‌ఏ అబద్ధం కాదు, నిఖార్సయిన సైన్సు. వెనకటి తాయెత్తుల వాళ్ళు మంత్రం పేరు చెప్పేవాళ్ళు. ఇప్పటివాళ్ళు నోబెల్ బహుమతి పేరు చెబుతున్నారు. ఖండించటం అందుకే కాస్త కష్టం.

ఈ కథ ఒక పురుగుతో మొదలైంది. మిల్లీమీటరు పొడవున్న ఆ నులిపురుగు పేరు సి. ఎలిగాన్స్. దాని ఎదుగుదలను నియంత్రించే లిన్-4 అనే జన్యువు ప్రొటీన్ తయారు చేయదని, 22 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను మాత్రమే తయారు చేస్తుందని 1993లో అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, రోజలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్ ప్రచురించారు. ఆ ముక్క మరో జన్యువు పంపే సందేశానికి అతుక్కుని దాన్ని నొక్కేస్తుందని గేరీ రవ్‌కున్ బృందం అదే ఏడాది చూపింది. ఏడేళ్ళపాటు దీన్ని పురుగుల వింతగానే చూశారు. 2000లో రవ్‌కున్ వాళ్ళే లెట్-7 అనే రెండోదాన్ని కనుగొన్నారు. అది పురుగులోనే కాదు, మనిషిలోనూ వుందని తేలింది. అప్పుడు లోకం మేలుకుంది. 2024లో ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. (తొలి పత్రంలో మొదటి పేరు లీది. బహుమతిలో ఆమె పేరు లేదు. ఇది వేరే వ్యాసానికి సంబంధించిన సంగతి.)

ఇక ఊపిరితిత్తుల సంగతి. 2004లో జపాన్ వైద్యులు ఆపరేషన్ చేసి తీసిన 143 ఊపిరితిత్తుల గడ్డలను పరిశీలించారు. లెట్-7 బాగా తగ్గినవాళ్ళు ఆపరేషన్ తర్వాత తక్కువ కాలం బతికారు. ఎందుకన్నదానికి ఒక జవాబు 2005లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి ఫ్రాంక్ స్లాక్ బృందం ఇచ్చింది. కణాన్ని పెరగమని పోరే రాస్ అనే జన్యువును లెట్-7 అణచి వుంచుతుంది. అణిచేది తగ్గితే రాస్ చెలరేగుతుంది. 2007లో జోన్ వైడ్‌హాస్, స్లాక్ తదితరులు మరో అడుగు వేశారు. ప్రయోగశాలలోని ఊపిరితిత్తుల కేన్సర్ కణాల్లో లెట్-7ను పెంచితే రేడియేషన్‌కు ఎక్కువగా చచ్చాయి, తగ్గిస్తే తట్టుకున్నాయి.

రేడియేషన్ కణాన్ని కాల్చి బూడిద చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది డీఎన్‌ఏ తాడు రెండు పోగుల్నీ తెంపుతుంది. కణం దగ్గర మరమ్మతు పనివాళ్ళున్నారు, వాళ్ళు అతుకు వేస్తారు. అతుకు బాగా వేయగల కణం బతుకుతుంది. ఆ పనివాళ్ళలో ముఖ్యమైన రెండు ప్రొటీన్లను మైక్రో ఆర్‌ఎన్‌ఏ-101 తగ్గిస్తుందని, అప్పుడు గడ్డలు రేడియేషన్‌కు సులువుగా లొంగుతాయని 2010లో అమెరికాలో చూపారు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 దీనికి ఎదురు. గడ్డల్లో అది ఎక్కువైతే మొండితనం పెరుగుతుంది.

డోసు పెంచితే సరిపోదా అని నాకూ అనిపించింది. ఆ పని చేసి చూశారు. మూడో దశ రోగుల్లో 60 గ్రేల బదులు 74 గ్రేలు ఇచ్చిన పెద్ద అమెరికన్ పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. 60 తీసుకున్నవాళ్ళలో మధ్యస్థ ఆయుష్షు 28.7 నెలలు, 74 తీసుకున్నవాళ్ళలో 20.3 నెలలు. ఎక్కువ వైద్యం తక్కువ ఆయుష్షు ఇచ్చింది! అందుకే డోసు పెంచకుండా కణాన్నే బలహీనపరిచే ఉపాయాల కోసం వెదుకులాట.

ఆ వెదుకులాట మన ఢిల్లీలోనూ జరిగింది. ఊరికి ఉత్తరాన తిమార్‌పూర్‌లో డీఆర్‌డీఓ వారి ఇన్మాస్ సంస్థ వుంది. టూ-డీజీ అనే పదార్థం చక్కెర వేషంలో కణంలోకి దూరి, శక్తి అందకుండా చేసి, మరమ్మతును ఆపుతుందని జైన్, సహచరులు 1973లో ఈస్ట్ కణాల మీద చూపారు. ఇన్మాస్ ఆ దారిలోనే సాగింది. మెదడు గడ్డలున్న కొద్దిమంది రోగుల మీద చేసిన పరీక్షలు 1996లో, 2005లో అచ్చయ్యాయి. తట్టుకున్నారని తేలింది. కానీ ఈస్ట్ నుంచి లెక్కేస్తే అర్ధ శతాబ్దం దాటినా అది రేడియేషన్‌తో పాటు మామూలుగా ఇచ్చే మందు కాలేదు. ఇంతలో కోవిడ్ వచ్చింది. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్‌తో కలిసి అదే టూ-డీజీని కోవిడ్ మందుగా తెచ్చారు. 220 మంది మీద మూడో దశ పరీక్ష. మూడో రోజుకు ఆక్సిజన్ అవసరం తీరినవారు 42 శాతం, మందు తీసుకోనివారిలో 31 శాతం. ఎవరికి మందు ఇస్తున్నారో డాక్టరుకూ రోగికీ తెలిసిన పరీక్ష అది. పూర్తి లెక్కలు బయటికి రాకముందే 2021 మే 1న అత్యవసర అనుమతి వచ్చింది. సాషే 990 రూపాయలు. ఆ నెలలో దానికోసం ఎంతమంది ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నారో ఢిల్లీ వాళ్ళకు చెప్పనక్కరలేదు.

మైక్రో ఆర్‌ఎన్‌ఏ విషయంలో మనుషుల మీద ప్రయత్నం లేకపోలేదు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-34ను కొవ్వు బుడగల్లో పెట్టి కేన్సర్ రోగుల రక్తంలోకి ఎక్కించే పరీక్ష 2013లో అమెరికాలో మొదలైంది. 85 మందికి ఇచ్చారు. రోగనిరోధక వ్యవస్థ తిరగబడింది. నలుగురు ఆ మందు వల్ల చనిపోయారు. 2016లో ఆపేశారు. అసలు సిసలు మందు, సూదితో, నిపుణుల కళ్ళముందు ఇస్తేనే ఇలా జరిగింది.

మరి పొడి మాట? దానికీ ఒక వోచరు వుంది. బియ్యంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏ, అన్నం తినేవాళ్ళ రక్తంలో కనిపించిందని 2011లో చైనాలో నాన్‌జింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రకటించారు. పెద్ద సంచలనం. 2013లో ఇతరులు తిరిగి చేసి చూస్తే ఏమీ దొరకలేదు. వాళ్ళలో విత్తనాల కంపెనీ మాన్‌శాంటో శాస్త్రజ్ఞులున్నారు కాబట్టి అనుమానించవచ్చు. కానీ ఆ కంపెనీతో పని లేని జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు కోతుల మీద చూసినా నమ్మదగిన ఆధారం దొరకలేదు. అయినా ఒకటి అడుగుతాను. రోజూ అన్నం తినే తెలుగువాళ్ళం. బియ్యంలోది పనిచేసేదే అయితే ఆరు వేల డబ్బా దేనికి?

ఇదంతా రెండు కాగితాల మీద రాసుకుని మళ్ళీ వెళ్ళాను. ఆయన సగం విని, "మన ఆఫీసులో అయితే ఈ బిల్లు అబ్జెక్షన్‌తో వెనక్కి పోయేది" అని నవ్వబోయి దగ్గారు. ఆమె నవ్వలేదు. పోయేదేముందన్న ప్రశ్నకు నేనింకా జవాబు చెప్పలేదని గుర్తొచ్చింది. పొడిలో ఏముందో లేబుల్ మీద లేదు, కాబట్టి ఏం పోతుందో నాకూ తెలియదు, రేడియేషన్ ఇచ్చే డాక్టరుకు డబ్బా చూపించి అడగండి అన్నాను. ఆమె తలూపారు.

ముప్పై సిట్టింగుల్లో ఇరవై రెండు అయ్యాయి. నిన్న వెళ్ళినప్పుడు డబ్బా అక్కడే వుంది. సీలు విప్పలేదు. పారేయనూ లేదు.